పగలని లాంతరు

‘ఆపరేటరు’ అని టాకీసు మేనేజరు సుబ్బయ్య అన్నమాట ఓబులమ్మ చెవికి చేరేసరికి ‘ఆపరేషను’ అయింది. నోటికీ చెవికీ మధ్య ఉన్నది రెండు గజాలే. ఆ రెండు గజాల్లో సినిమా మిషను తిప్పే ప్రభుదాసు కంటి డాక్టరైపోయాడు. చదువు లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. పట్టుకోవడానికి నిచ్చెన మాత్రం దొరికింది. డాక్టరు సామి పట్టుకుంటే మా ఇంటాయనకు భయం లేదంటూ ఆమే అతని రెండు చేతులూ తీసి నిచ్చెన కాళ్లకు తగిలించింది. పోయిన వారం మనం అతన్ని అక్కడ అలాగే వదిలేసి ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఏడు రోజులుగా పట్టుకునే ఉన్నాడు. పట్టుదల గల మనిషి కాబట్టి సరిపోయింది.

నిచ్చెన పైన ఎవరున్నారో మరిచిపోయినవాళ్లకు మళ్లీ చెప్పాలి. ఆళ్లగడ్డ టూరింగు టాకీసు డేరా మొన్నటి గాలివానకు చిరిగింది. లారీ టార్పాలిన్లు కుట్టే చెన్నకేశవులును పిలిపించారు. యాభై దాటిన మనిషి. కళ్లకు పొరలు కమ్మాయి కాబట్టి దబ్బనానికి దారం ఎక్కించే పని భార్య ఓబులమ్మది. ఆయన దబ్బనానికి దారం, బతుక్కి ఆధారం రెండూ ఆమే. అంతకుముందు ఏం చేసేవాడివని సుబ్బయ్య అడిగితే, లారీ తోలేవాణ్ణి, ఒక మనిషి చచ్చిపోతే రెండేండ్లు లోపలుండి వచ్చినానని దాపరికం లేకుండా చెప్పాడు. ఆ చచ్చిపోయిన మనిషి ప్రభుదాసు అన్న ఇమ్మానుయేలు. డేరాకు చిరుగూ, ప్రభుదాసు మొహాన చిరునవ్వూ ఒకే వారంలో కనబడటం అలా జరిగింది.

ఇప్పుడు చెన్నకేశవులు పన్నెండడుగుల ఎత్తున ఉన్నాడు. నిచ్చెన పక్కన డేరా తాళ్లు బిగించే ఇనుప గూటాలు గుట్టగా పడున్నాయి. పైన కుట్టు, కింద కుట్ర.

తొమ్మిదేళ్ల కిందట, నలభై ఎనిమిదిలో, పత్తి బోరేలతో ఏడు బండ్లు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల జిన్నింగు మిల్లుకు బయలుదేరాయి. ఆఖరి బండి ఇమ్మానుయేలుది. తెల్లవారుజామున శిరివెళ్ల దాటాక వెనకనుంచి లారీ వచ్చి గుద్దింది. కబురు అంది ప్రభుదాసు అక్కడికి చేరేసరికి పొద్దు పొడుస్తోంది. అన్న పోయాడు. విరిగిన బండికి లాంతరు మాత్రం వేలాడుతూ వెలుగుతోంది. ఎదురుగా దీపం కనబడుతూ ఉండగా గుద్దినవాడు డ్రైవరు కాదు, హంతకుడని ఆ నిమిషానే అతను తేల్చేసుకున్నాడు. కోర్టులో బైబులు మీద చెయ్యి పెట్టి లాంతరు ఉందని చెప్పాడు. న్యాయం రెండేళ్లు చాలన్నది, ప్రభుదాసు చాలదన్నాడు. ఆ చాలని మిగతా తాను తీర్చేదాకా పెండ్లి మాట ఎత్తొద్దని, తాను చేసుకోవాలనుకున్న దానమ్మకు చెప్పాడు.

దానమ్మ ఎత్తలేదు. నంద్యాలలో ఒక బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ తొమ్మిదేళ్లు ఆగింది. ఎక్కాలు చెప్పే మనిషి, లెక్క తెలియక ఆగలేదు. ఇరవై ఆరు నిండాక ఇంట్లోవాళ్లు సంబంధం తెచ్చారు. వాళ్ల గుడిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు పాదిరి అయ్యగారు ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. మూడోసారి కూడా ఎవరూ లేవకపోతే ఆ తరవాత లేచి లాభం లేదు. పెండ్లికొడుకు పాములపాడులో కాంపౌండరు. ఊరి పేరులో పాములున్నాయి కానీ మనిషిలో విషం లేదని అందరూ చెప్పారు. ఆ మాటే ప్రభుదాసుకు విషంలా ఎక్కింది.

ఆమె రాసిన కార్డు అతని జేబులో ఉంది. ‘మొదటి ఆదివారం అయింది. రెండోది అయింది. ఇంకొక్కటి ఉంది’. కింద పేరు. రమ్మని లేదు, రావద్దని లేదు. కార్డులో మూడొంతులు ఖాళీ. రాసింది రెండుసార్లే చదివాడు, ఆ ఖాళీనే ఎన్నిసార్లు చదివాడో అతనికే తెలియదు. ఆ ఇంకొక్కటి రేపే. ఇవాళ అయిదు గంటలకు నంద్యాల బస్సు. ఇప్పుడు మూడు దాటింది.

డేరాలో ఆడుతున్నది కత్తి యుద్ధాల బొమ్మ. పదిహేడు రీళ్లలో హీరో తన పగ తీర్చేసుకుంటాడు. మధ్యలో ఎనిమిది పాటలు పాడుకోవడానికి వ్యవధి కూడా దొరుకుతుంది. ఒకటే మిషను కాబట్టి రీలు రీలుకూ దీపాలు వేసి ఆపాలి. అంటే హీరో పగ పదహారుసార్లు ఆగి, జనం సోడాలు తాగాక మళ్లీ మొదలవుతుంది. ప్రభుదాసు ఆ బొమ్మను నలభైసార్లకు పైగా తిప్పాడు. చివరి రీలులో విలను ఎప్పుడూ ఒంటరిగానే దొరుకుతాడు. వాడి పక్కన చాప మీద కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ రెండో దబ్బనానికి దారం ఎక్కిస్తున్న పెళ్లాం ఉండదు. ఉంటే హీరోకు కత్తి ఎత్తడం అంత సుళువయ్యేది కాదేమో.

తోయనక్కరలేదు. వదిలేస్తే చాలు. నిచ్చెన కాళ్ల కింద నేల ఇంకా వాన తడిగానే ఉంది. జారిందంటారు. చూసినవాళ్లు అయ్యో అంటారు. ప్రభుదాసు వేళ్లు ఒకటొకటే సడలించి, మళ్లీ బిగించాడు. చెయ్యి చెమట పట్టిందని తనకు తాను చెప్పుకున్నాడు.

అప్పుడే ఓబులమ్మ తలెత్తి, దిగినాక ఈయప్ప కండ్లు ఒకసారి చూడమని డాక్టరు సామిని వేడుకుంది. పైనుంచి చెన్నకేశవులే నవ్వాడు.

“చూసి ఏం చేస్తాడులేవే. ఇప్పుడు పోయినవా అవి.”

“ఎప్పుడు పోయినాయి?” అన్నాడు ప్రభుదాసు. నిచ్చెన పట్టుకున్నాక అతను నోరు తెరవడం అదే మొదలు.

“తొమ్మిదేండ్లయిందప్పా. శిరివెళ్ల కాడ. పత్తి బండికి ఎనక లాంతరు ఉండె. నాకు కనపడల్యా.”

ఈ మనిషి ఏ రోజుకైనా దొరుకుతాడని, దొరికితే లాంతరు లేదని బొంకుతాడని ప్రభుదాసు తొమ్మిదేళ్లుగా అనుకుంటున్నాడు. ఆ బొంకుకు జవాబులు కట్టిపెట్టుకున్నాడు. మాటకు మాట, దెబ్బకు దెబ్బ. మిషను దగ్గర ఒంటరిగా కూర్చుని ఆ జవాబులు ఎన్నిసార్లు వల్లించుకున్నాడో. ఇప్పుడు ఆయన ఉండె అంటున్నాడు. కట్టుకున్న జవాబుల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

తాగి ఉన్నావా అని అడిగాడు. నిద్రపోయావా అని అడిగాడు.

“తాగి ల్యా, నిద్ర ల్యా. రోడ్డు మీదనే కండ్లు పెట్టినా,” అన్నాడు చెన్నకేశవులు కుట్టు ఆపకుండానే. “లాంతరు లేదని చెప్పమన్యాడు లాయరు. నేనూ లేదనే అనుకుంటి. మల్ల ఆ చచ్చినాయప్ప తమ్ముడు వచ్చి, బైబులు మీద చెయ్యి పెట్టి ఉండెనని చెప్పె. ఏడుస్తా చెప్పె. అట్ల ఏడ్చేటోడు అబద్ధం చెప్పడప్పా. తప్పు నా కండ్లదే అనుకుంటి. జైల్లోంచి వచ్చినాక గూడ మల్ల లారీ ముట్టల్యా.”

ఇంట్లో లాంతరు ముట్టించనీయడని ఓబులమ్మ అందుకుంది. బుడ్డి దీపంతోనే ఇన్నేళ్లూ గడిపామని, ఎక్కడన్నా లాంతరు కనబడితే ఆయన పక్క సందులోకి తిరిగిపోతాడని, పొరలు నిజంగా కమ్మినప్పుడు ఆయనకు ఆశ్చర్యం కూడా కలగలేదని చెప్పింది. చెబుతూనే దారం తడిచేసి దబ్బనం కంటిలోకి దూర్చింది. సూదికి కన్ను ఉంది, మొగుడికి లేదు. రెంటికీ ఆమే చూపు.

“కోర్టులో ఆ లాంతరు తెచ్చి బల్ల మీద పెట్టిరి,” పైనుంచి మళ్లీ గొంతు. “బండి పుల్లలు పుల్లలైపాయె. ఇరుసు రెండు తునకలాయె. దాని చిమ్నీకి మాత్రం గీత గూడ పడల్యా. చూస్తే ఒళ్లు జలదరించె నాకు. నా గుడ్డితనం నాకు చూపియ్యాలనే దేవుడు దాన్ని కాపాడినాడనుకుంటి.”

ప్రభుదాసు చేతులు నిచ్చెనను గట్టిగా బిగించాయి.

అతను రోజూ పెట్రోమాక్సు దీపాలతో వేగే మనిషి. ఒక్క వాన చినుకు పడితే వేడి గాజు పగలడం చూశాడు. మూత కాస్త విసురుగా వేస్తే పగలడం చూశాడు. ఆ డేరాలో నెలకు నాలుగు గాజులు పోతాయి. బండివాళ్లు లాంతరు కట్టేది ఇరుసుకే. ఇరుసు తునకలైన బండికి, దాని కింద కట్టిన చిమ్నీ గీత లేకుండా ఎలా మిగిలింది? తొమ్మిదేళ్లలో ఈ ప్రశ్న అతనికి తోచలేదు. పగలని ఆ గాజునే పట్టుకుని ఇన్నాళ్లూ పగ పెంచాడు.

పైగా అతను బండివాళ్ల ఇంట పుట్టినవాడు. ఏడు బండ్లకు రెండు లాంతర్లు ఉంటాయి, ముందు బండికొకటి, ఆఖరి బండికొకటి. ఆఖరిది లేకపోతే పోలీసులు ఏడుగురి పేర్లూ రాసుకుంటారు. అందుకని వెనక దీపం లేనప్పుడు దూరాన కానిస్టేబులు సైకిలు కనబడితే, ముందు బండి లాంతరు చేతులు మారి వెనక బండికి చేరిపోయేది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. అతనే ఎన్నిసార్లో అందించాడు. ఏం జరిగినా మొదట వెనక బండికి లాంతరు తగిలించాలి, ఏడుపైనా ఆ తరవాతే. ఆ పొద్దున, ముందు బండి కొండయ్యది. ఆ బండికి లాంతరు లేదు. ప్రభుదాసు చూశాడు. చూసీ చూడలేదు.

ఎందుకు చూడలేదో ఆ డేరాలో అతనొక్కడికే తెలుసు.

ఆ ముందటి సాయంత్రం పేటలో ప్రార్థన కూటం అయింది. దానమ్మ వాళ్లది వంక అవతలి పేట. చీకటి పడింది, దారి నిండా పురుగూ పుట్రా. దింపి వస్తానని ప్రభుదాసు అంటే, ఇమ్మానుయేలు తన బండి లాంతరు విప్పి చేతికిచ్చాడు. బండ్లు కదిలేలోపల తీసుకురమ్మన్నాడు, నవ్వుతూ. తమ్ముడి సంగతి అన్నకు తెలుసు. ఇద్దరూ నడిచారు. ఆమె రెండడుగులు ముందు, లాంతరు అతని చేతిలో, ఆమె నీడ ఆమెకంటే ముందు. వంక దగ్గర ఆగారు. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు, దాటడానికి నిమిషం పట్టదు. ఎంతసేపు నిలబడ్డారో, లాంతరులో నూనె సగానికి తగ్గింది. ఏం మాట్లాడుకున్నారో ఇప్పుడు ఒక్కమాటా సరిగ్గా గుర్తులేదు. ఆ వెలుతురు మాత్రం గుర్తుంది, ఆమె చెంప మీద పడింది. తొమ్మిదేళ్లుగా ఏ ఊళ్లో డేరా వేసినా, తెర మీద వెలుతురు పడిన ప్రతిసారీ అతను వెతుక్కున్నది దాన్నే.

తిరిగి వచ్చేసరికి బండ్లు వెళ్లిపోయాయి. లాంతరు అతని చేతిలోనే ఉంది.

అందుకే ఆ పొద్దున విరిగిన బండికి ఇంకో లాంతరు కనబడగానే, అన్న శవం ఎదురుగా ఉన్నా, అతని గుండెలోంచి ఊపిరి దిగింది. ఎవరో ఇచ్చారు, అన్న చీకట్లో పోలేదు అనుకున్నాడు. ఆ ఊపిరే తరవాత పగగా మారింది. తప్పంతా వాడిదైతే తనది ఏమీ లేదు. లేకుండా ఉండటానికి ఎవరో ఒకరు హంతకుడు కావాలి.

చెన్నకేశవులు ఆఖరి ముడి వేసి దారం పళ్లతో తెంపాడు. ఒక్కో మెట్టూ పాదంతో తడుముకుంటూ దిగాడు. ప్రభుదాసు నిచ్చెన వదల్లేదు. ఆయన నేల మీద నిలబడ్డాక కూడా పట్టుకునే ఉన్నాడు. ఓబులమ్మ మొగుడి గడ్డం పట్టి మొహం పైకెత్తి, చూడు సామీ అంది.

నేను డాక్టర్ని కాదమ్మా, సినిమా మిషను తిప్పేవాణ్ణి అన్నాడు అతను. ఆమె చెయ్యి మెల్లగా దిగిపోయింది.

“అయినా నీ కండ్ల సంగతి చెప్తా, అన్నా,” అన్నాడు. “ఆ పొద్దు వాటికి ఏం కాల్యా. ఆ బండికి లాంతరు ల్యా.”

“నీకెట్ల తెల్సు?”

“అది నా చేతిలో ఉండె. నేను ఇమ్మానుయేలు తమ్మున్ని.”

మిగతాది తలవంచుకుని చెప్పాడు. గేటు దగ్గర టిక్కెట్లు చింపే మద్దిలేటి, లోపలికి వచ్చిన సుబ్బయ్య ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. చెన్నకేశవులు గూటాల గుట్ట మీద కూర్చున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

“అయితే నాకు కనపడినట్లే గదా. చీకటి ఉండె. చీకటే కనపడె.”

ఓబులమ్మ మాత్రం లేచింది. దారం కండె ఇంకా చేతిలోనే ఉంది. నువ్వు ఏడ్చిన ఏడుపుకు మా ఇల్లు చీకటైందని మెల్లగానే అంది. అరిచి ఉంటే ప్రభుదాసుకు అంత దెబ్బ తగిలేది కాదు.

“నా ఒక్కనికి చెప్తే చాలదప్పా,” అన్నాడు చెన్నకేశవులు. “లాంతరు ఉండెనని చెప్పినప్పుడు మీ బండోళ్లంతా ఉండిరి. వాళ్ల ముందర చెప్పు.”

ఆ ‘చాలదు’ అన్నమాట తొమ్మిదేళ్లుగా ప్రభుదాసు సొంతం. ఇప్పుడు చేతులు మారింది. బండివాళ్లంతా ఇప్పుడు నంద్యాలలోనే ఉన్నారు. లారీలొచ్చి బండ్లు పోయాక కొండయ్య అక్కడి గుడిలో గంట కొడుతున్నాడు. అందరూ ఒకచోట దొరికేది ఆదివారం ఆరాధనకే. రేపు ఆదివారం. అతనికి బస్సెక్కాలని మూడు రోజులుగా ఉంది. ఇలా ఎక్కాలని లేదు.

వస్తావా అని ఆయన్ను అడిగాడు. “వస్తా. చూడలేను గానీ వింటా,” అన్నాడు చెన్నకేశవులు. అయిదు గంటల బస్సులో ముగ్గురూ ఒకే వరుసలో కూర్చున్నారు, మధ్యలో ఓబులమ్మ.

మర్నాడు గుడి నిండింది. ఆడవాళ్లు ఎడమ పక్క చాపల మీద, మగవాళ్లు కుడి పక్క. కాంపౌండరు తెల్లచొక్కాతో ముందు వరుసలో ఉన్నాడు. చెన్నకేశవులూ ఓబులమ్మా గుమ్మం బయట చెప్పుల పక్కన నిలబడ్డారు. దానమ్మ తల మీది కొంగు, కొంగు కింద కొంచెం చెవి, అంతకంటే ప్రభుదాసుకు ఏమీ కనబడలేదు. మూడు నెలలుగా ఆమెను చూడలేదు. ఆ కొంచెం చెవినే ఆరాధన అంతసేపూ చూశాడు. అయ్యాక బయట అందరినీ ఆపి చెబుదామని అతని ఆలోచన.

అయ్యగారు కాగితం విప్పి, దానమ్మ పేరూ కాంపౌండరు పేరూ చదివి, ఇది మూడవ ప్రకటన అన్నారు. న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా తెలిసినయెడల ఇప్పుడే తెలుపవలెను అన్నారు.

తెలిసినయెడల అన్నమాట దగ్గర ప్రభుదాసు లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు.

గుడంతా ఒక్కసారి కదిలింది. అతని సంగతి తెలియనివాళ్లు అక్కడ లేరు. ఇన్నాళ్లూ నానబెట్టి ఇప్పుడా లేచేదని మగవాళ్లు గొణిగారు. ఇప్పటికైనా లేచాడని ఆడవాళ్లలో ఎవరో అన్నారు. కాంపౌండరు మెడ తిప్పి చూశాడు, కోపంగా కాదు, జబ్బేమిటో తెలుసుకుందామన్నట్టు. దానమ్మ తిరగలేదు. అభ్యంతరం ఏమిటని అయ్యగారు అడిగారు.

“పెండ్లికి కాదయ్యా. ఆమెను ఆపే ముఖం నాకు ల్యా,” అన్నాడు ప్రభుదాసు. “నేను కోర్టులో చెప్పిన సాక్ష్యానికి నాకే అభ్యంతరం.”

చెప్పాడు. లాంతరు అన్న విప్పి ఇచ్చిన దగ్గర్నుంచి, చిమ్నీకి గీత పడని దాకా. గుమ్మం దగ్గర నిలబడిన మనిషి ఎవరో చెప్పాడు. వెనక గంట తాడు పక్కనుంచి కొండయ్య ముందుకు వచ్చాడు. ముసలివాడైపోయాడు. పోలీసులు అందరి పేర్లూ రాసుకుంటారని, లారీ గుద్దినాక తన లాంతరు తానే విరిగిన బండికి తగిలించానని, ఆ సంగతి ప్రభుదాసుకు తెలియదని, జడ్జి ముందు నోరు రాలేదని ఒప్పుకున్నాడు. ఆనాటి బండివాళ్లు మరో ఇద్దరు తలలు దించుకున్నారు. చెన్నకేశవులు మాటలు వస్తున్న వైపుకు మొహం పెట్టి, గుమ్మం పట్టుకుని వింటున్నాడు.

చెప్పడం అయింది కాబట్టి ప్రభుదాసు కూర్చోబోయాడు. అయ్యగారు కాగితం వైపు చూసి, పెండ్లికి అభ్యంతరం లేనట్టేనా అని మళ్లీ అడగబోయారు.

ఎడమ పక్క చాపల మీద దానమ్మ లేచింది.

“అయ్యగారూ, ఆ లాంతరు ఎల్తురులో ఇంటికి పోయింది నేను. ఆయప్ప ఎనక్కి పోతానంటే, వంక కాడ ఇంకొంచేపు ఉండమన్నది గూడ నేనే.”

కాంపౌండరు ఆమెను చూస్తున్నాడు. ఆమె ప్రభుదాసును చూస్తోంది. మూడో ప్రకటన కాగితం అయ్యగారి చేతిలో ఇంకా మడవకుండానే ఉంది.